వెంకటసుబ్బయ్య వేయించుకున్న ఒట్టు

వెంకటసుబ్బయ్య బస్సు నడుపుతుంటే పేపర్ కప్పులో టీ పట్టుకుని కూర్చున్నా చుక్క ఒలకదని ఇంగ్లండులో మా ఊరు కోవెంట్రీలో ముసలమ్మలు చెప్పుకునేవాళ్లు. మనవాళ్లు కాదు, తెల్ల ముసలమ్మలు. పూల్ మెడో బస్టాండులో వేరే బస్సు సిద్ధంగా ఉన్నా ఎక్కకుండా, ఆయన బస్సు కోసం చలిలో నిలబడేవాళ్లు. వాళ్లు కూర్చునేదాకా ఆయన బండి కదిలించడు. వెనక కార్లవాళ్లు హారన్ కొడితే అద్దంలోంచి చూసి, ‘మీ అమ్మయితే ఇట్టాగే హారన్ కొడతావా రా?’ అని తెలుగులో తిట్టేవాడు. ముసలమ్మలు అర్థమైనట్టే నవ్వేవాళ్లు.

పొదిలి దగ్గర పల్లెటూళ్లో ట్రాక్టరుతో మొదలుపెట్టి, ఆర్టీసీ అద్దె బస్సు డ్రైవరైన మనిషి. ఈ దేశానికి వచ్చింది మాత్రం భార్య వెనకాల. ఆమె పేరు వరలక్ష్మి. ఒంగోలులో నర్సింగ్ చదివి, వర్క్ పర్మిట్ మీద ఇక్కడి కేర్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి వచ్చింది. నేనూ ఆ విమానంలోనే దిగాను. నా పేరు సుగుణ. కాకపోతే నాకు ఆసుపత్రి దొరికింది. ఆపరేషన్ థియేటర్లో నర్సుని. వెంకటసుబ్బయ్యని నేను అన్నా అంటాను కాబట్టి ఆమె నాకు వదిన. ఆమె కూడా నన్ను వదినా అనే పిలుస్తుంది.

వచ్చిన కొత్తలో మనవాళ్ల ఫంక్షన్లలో ఆయన్ని ‘డిపెండెంట్ గారు’ అని ఎగతాళి చేసేవాళ్లు. పెళ్లాం వీసా మీద వచ్చిన మొగుడు అని. నవ్వేవాడు గానీ లోపల రగిలిపోయేవాడు. టేకవే హోటల్లో గిన్నెలు కడుగుతూ, మధ్యాహ్నాలు ఇంగ్లీషు నేర్చుకుంటూ, రెండుసార్లు తప్పి మూడోసారి బస్సు లైసెన్సు తెచ్చుకున్నాడు. యూనిఫాం వేసుకున్న మొదటి రోజు మా ఇంటికి వచ్చి, టీ కూడా తాగకుండా, ఊరికే నిలబడి చూపించి వెళ్లిపోయాడు. ఆ బస్సు పోతే ఆయన దగ్గర ఇంకేం మిగలదని నాకు ఆ రోజే తెలుసు. జరిగిందంతా ఆ బస్సు పోతుందన్న భయం వల్లే జరిగింది. అందుకే ముందే చెబుతున్నాను.

ఆయనకి ఇంకో పిచ్చి గోంగూర. కౌన్సిల్ వాళ్లు అద్దెకిచ్చే చిన్న చిన్న మళ్లు ఉంటాయి ఇక్కడ, అలాట్‌మెంట్ అంటారు. ఆయన ఒకటి తీసుకుని, ప్లాస్టిక్ పట్టాతో గుడారం వేసి, అందులో గోంగూర పండించేవాడు. ఈ చలిదేశంలో గోంగూర అంటే పసిబిడ్డని సాకడమే. ఫిబ్రవరిలో వంటింటి కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో విత్తనాలు వేసి, మే నెల్లో నాటేవాడు. మందులు వేస్తే రుచి పోతుందని గుర్రాల శాల నుంచి పెంట తోలించుకునేవాడు. ఆ కంపు బట్టలకు పట్టి వరలక్ష్మి ముక్కు మూసుకునేది. ‘గుర్రం పెంట కాదే, అది బంగారం’ అనేవాడు. కట్టలు కట్టి మాకందరికీ పంచేవాడు. కట్ట చేతిలో పెట్టేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

2012 మే నెలలో పెద్ద గాలి వచ్చి ఆ గుడారం పట్టా చిరిగిపోయింది. నారంతా లోపల ఉంది. ఒక్క రాత్రి చలి తగిలితే మాడిపోద్ది. ఆయనకి ఆ రోజు డ్యూటీ. సెలవు అడిగితే డ్యూటీల లిస్టు నిండిపోయిందన్నారు. అప్పటికే ఆ ఏడాది నాలుగైదుసార్లు ఒంట్లో బాగాలేదని మానేశాడు. మేనేజరు పిలిచి, ఇంకోసారైతే కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తుందని హెచ్చరించి ఉన్నాడు. అయినా సరే, పొద్దున్నే ఫోన్ చేసి నడుం నొప్పి అని చెప్పేశాడు. చెప్పి, మేకులూ సుత్తీ తీసుకుని మడి దగ్గరికి పోయాడు. వరలక్ష్మికి ఆ రోజు సెలవు. అన్నం డబ్బా పట్టుకుని తనూ వెనకాల వెళ్లింది.

పట్టా కట్టడానికి గుడారం పక్కనున్న పనిముట్ల షెడ్డు కప్పు ఎక్కాడు. నాచు పట్టిన చెక్క. కాలు జారింది. కింద తోపుడుబండి అంచు మీద కుడిచెయ్యి పడింది, మనిషి పక్కనే ఉన్న పెంటకుప్పలో పడ్డాడు.

భుజానికీ మోచేతికీ మధ్య ఉండే ఎముక మోచేతికి కాస్త పైన విరిగింది. విరిగిన కొన చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చి పెంటలో గుచ్చుకుంది. వరలక్ష్మి పరిగెత్తుకెళ్లి లేపేసరికి చెయ్యి సాగి, ఆ ఎముక మళ్లీ లోపలికి పోయింది. పైన మిగిలింది బొటనవేలి గోరంత చిల్లు. నెత్తురు కూడా పెద్దగా లేదు.

అక్కడే ఆంబులెన్సుకి ఫోన్ చేసి ఉంటే, తోటలో పడ్డాడని ఒక్క మాట చెప్పి ఉంటే, నేను ఇదంతా మీకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఆయన ఏం చేశాడో తెలుసా? అంత నొప్పిలోనూ ఎడమ చేత్తో వరలక్ష్మి చెయ్యి పట్టి లాగి, తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

“నా మీద ఒట్టు. ఇంట్లో మెట్ల మీద పడ్డాననే చెప్పు. నడుం నొప్పితో తూలి పడ్డానని చెప్పు. మడి సంగతి ఎవురికన్నా చెప్పావంటే నన్ను చంపుకున్నట్టే.”

“ఏందయ్యా ఇది! ముందు ఆసుపత్రికి పదా!”

“ఒట్టెయ్యి. వేస్తేనే లేస్తా.”

వేసింది. ఏం చేస్తుంది? మొగుడు పెంటకుప్పలో కూర్చుని, చెయ్యి వేలాడేసుకుని, ఒట్టు వేస్తేనే లేస్తానని మొండికేస్తుంటే!

ఇక అక్కడి నుంచి చూడండి మనవాళ్ల తెలివి. వాన నీళ్ల పీపాలో నీళ్లు ముంచి చెయ్యి కడిగింది. ఆ పీపాలో పురుగులు ఈదుతుంటాయి. టాక్సీ పిలిచి ఇంటికి తీసుకెళ్లింది. ఇంట్లో స్నానం చేయించినంత పని చేసి, కంపు పోయేదాకా సబ్బుతో తుడిచి, చిల్లులో పసుపు నింపి, ఉతికిన చొక్కా తొడిగింది. ఆసుపత్రికి పోయేటప్పుడు మంచి బట్టలు కట్టుకుని పోవడం మనకి అలవాటు గదా. ప్రాణం పోతున్నా సరే, మాసిన చొక్కాతో డాక్టరుకి కనపడితే పరువు పోతుంది. పాత చొక్కా చెత్తబుట్టలోకి పోయింది. దాంతోపాటు జరిగిందేమిటో చెప్పగల ఒకే ఒక్క సాక్ష్యం పోయింది.

నేను కొత్తగా వచ్చే నర్సు పిల్లలకి మొదటి రోజే ఒక మాట చెబుతాను. ఎముక విరగడం వేరు, విరిగిన ఎముక బయటి గాలి చూడటం వేరు. విరిగిన ఎముక చర్మం చాటున ఉన్నంతసేపూ అది మన ఒంట్లో సంగతి. ఒక్కసారి బయటికి తొంగి చూసిందంటే బయట ఏముందో అంతా లోపలికి మోసుకుపోతుంది. పైన చిల్లు ఎంత చిన్నదైతే మోసం అంత పెద్దది. అట్లాంటి గాయాన్ని ఇంట్లో కడగకూడదు, ఎముకని లోపలికి తొయ్యకూడదు, పసుపూ కాఫీపొడీ కూరకూడదు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, చెయ్యి కదలకుండా కట్టి, వెంటనే ఆసుపత్రికి రావాలి. వచ్చాక ఎక్కడ పడ్డావో నిజం చెప్పాలి. ఎందుకంటే ఇంట్లో పడితే ఒక మందు, పేడలో పడితే ఇంకో మందు. మెట్ల మీద పడ్డవాడిని మర్నాడు పొద్దున థియేటర్‌కి తీసుకుపోవచ్చు. పెంటలో పడ్డవాడిని అప్పటికప్పుడు తీసుకుపోవాలి.

క్యాజువాలిటీలో డాక్టరు పిల్ల ఆయన్ని అడిగింది. రెండోసారి ఇంకొక డాక్టరు అడిగాడు. “మట్టి ఏమైనా తగిలిందా? తోటలో గానీ, రోడ్డు మీద గానీ?”

“నో, నో. స్టెయిర్స్” అన్నాడు వెంకటసుబ్బయ్య. వరలక్ష్మి తలకాయ ఊపింది.

యాంటీబయాటిక్ ఎక్కించారు, గాయానికి ఫొటో తీశారు, తడిగుడ్డ వేసి కట్టు కట్టారు. మణికట్టు వాలిపోయి ఉంది, చెయ్యి పైకి లేపమంటే లేవడం లేదు. ఆ ఎముకని చుట్టుకుని ఒక నరం పోతుంది. మణికట్టుని, వేళ్లని పైకి ఎత్తేది అదే. ఎముక విరిగినప్పుడు నలిగింది. మర్నాడు పొద్దున ఆపరేషన్‌లో మా సర్జన్ ఆ నరాన్ని చూసి, తెగలేదని, కొన్ని నెలల్లో తనంతట తనే కోలుకుంటుందని చెప్పింది. ఆమె స్కాట్లాండ్ మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. గాయం కడిగి, చెడిన కండ కోసి, ఎముకకి ప్లేటు వేసి స్క్రూలు బిగించింది. లోపల పచ్చగా ఉన్నదేమిటని నన్ను అడిగితే పసుపు అని చెప్పాను. మెట్ల మీద పడిన గాయానికి ఎంత చెయ్యాలో అంతా చేసింది. పెంట సంగతి తెలిసి ఉంటే ప్లేటు వేసేదే కాదు.

ఆ సాయంత్రం వార్డులో నన్ను చూసి ఆయన అడిగింది ఒకటే.

“సుగుణమ్మా, స్టీరింగు పట్టుకుంటానా?”

“పట్టుకుంటావులే అన్నా. నరం బానే ఉందంట.”

ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

రెండో రోజు జ్వరం వచ్చింది. ఆపరేషన్ తర్వాత కాస్త జ్వరం మామూలే. మూడో రోజు ఇంకా పెరిగింది. మందు మార్చారు. గాయం చుట్టూ కాస్త ఎరుపు తప్ప పైకి ఏమీ లేదు. డాక్టరు మళ్లీ అడిగాడు, ఎక్కడ పడ్డావని. ఈసారి ఆయనకి మాట తడబడుతోంది, అయినా ‘స్టెయిర్స్’ అనే అన్నాడు. ఉడుంపట్టు అంటే అదే.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను పైకి వెళ్లేసరికి వరలక్ష్మి వార్డు బయట కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో చారన్నం ఫ్లాస్కు. మూత కూడా తియ్యలేదు. స్వెట్టరు చెయ్యి అంచు నోట్లో పెట్టుకుని నములుతోంది. వాళ్లింట్లో నేను ఎన్నిసార్లు కూర్చున్నానో ఆ మెట్ల మీద! అడుగు మందం కార్పెట్. వాళ్ల పాప సాత్విక పైనుంచి కింద దాకా జారుడుబండ ఆడుకునేది. నాకు అప్పుడు వెలిగింది.

“వదినా, ఆ కార్పెట్ మీద పడితే ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిద్దా? నా కళ్లలోకి చూసి చెప్పు.”

ఆమె ముఖం తెల్లబోయింది.

“అడగబాక వదినా. నీకు దణ్ణం పెడతా. చెప్తే ఆయన చచ్చిపోతాడు.”

“చెప్పకపోతేనే చచ్చిపోతాడు! యాడ పడ్డాడు?”

“నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నెత్తిన చెయ్యి పెట్టించుకున్నాడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో ఒట్టు అన్న మాట ఎత్తితే మా అమ్మ చెంప పగలగొట్టేది. ఈమె చూడబోతే నర్సింగ్ చదివింది. కేర్ హోమ్‌లో ఎవరికి పుండు పడినా ముందు వాసన పట్టేది ఈమే. అక్కడ పాతికమంది తెల్ల ముసలివాళ్ల ప్రాణాలు కాపాడుతుంది, ఇక్కడ మొగుడు కళ్ల ముందు కుళ్లిపోతుంటే ఫ్లాస్కు పట్టుకుని కూర్చుంది!

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! నువ్వు చదివిన చదువు ఏట్లో కలిసిందా? లోపలికి పోయి వాసన చూడు. నీకు తెలీని వాసనా అది? చెప్పు, వదినా, చెప్పు!”

భుజాలు పట్టుకుని కుదిపాను. కారిడార్లో వాళ్లంతా చూస్తున్నారు. చూడనీ.

“తోటలో” అంది. “పెంటకుప్పలో. ఎముక అందులో గుచ్చుకుంది వదినా. నేను కళ్లారా చూశా.” అని రెండు చేతులతో నోరు మూసుకుని, కుర్చీలోంచి కింద కూలబడిపోయింది. “చంపేశా. ఆయన్ని నేనే చంపేశా.”

నేను లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు దిగి పరిగెత్తి సర్జన్‌కి చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా వంక చూసి, చేస్తున్న పని ఆపి, థియేటర్ ఖాళీ చేయించమంది. నన్ను ఏమీ అడగలేదు. ‘హార్స్ మాన్యూర్’ అని తనలో తను ఒకసారి అనుకుంది, అంతే.

గాయం తెరవగానే వచ్చిన కంపుకి మాస్కు కూడా అడ్డం పడలేదు. కండ చచ్చిపోయి బూడిదరంగులోకి తిరిగింది. కత్తి పెట్టినా నెత్తురు రాదు, గిల్లినా కదలదు. ప్లేటు తీసేసింది. ఎముక రెండు కొనలూ పైకి లేపి, లోపలి గొట్టంలో మొదటిసారి కంటే లోతుగా గోకింది. అక్కడ దొరికింది. చిన్న గడ్డిపరక. నా చిటికెనవేలి గోరంత ఉంది. దాన్ని గుడ్డ మీద పెట్టి నాకు చూపించింది. నాకు ఏడుపు ఆగలేదు. థియేటర్లో పదేళ్లు పనిచేసినదాన్ని, కాళ్లూ చేతులూ తీసేయడం చూసినదాన్ని, ఆ గడ్డిపరక చూసి ఏడ్చాను.

ఆ రోజు చెయ్యి భుజం దాకా తీసేయాలా వద్దా అని ఇద్దరు సర్జన్లు ఆయన పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. రేపటి దాకా చూద్దాం అనుకున్నారు. మర్నాడు మళ్లీ తెరిచి మళ్లీ కోశారు. ఆ తర్వాత మళ్లీ. చెయ్యి మిగిలింది. కండ మిగల్లేదు. ఎముక కదలకుండా చర్మం బయట నుంచి ఇనుప కడ్డీలు గుచ్చి చట్రం బిగించారు. ఖాళీలో మందు పూసలు పెట్టారు. వారాల తరబడి రక్తనాళంలోకి మందు ఎక్కించారు. తొడ మీద చర్మం తీసి చేతికి అతికారు. ఏడాది తర్వాత తుంటి ఎముక గీకి తెచ్చి ఆ ఖాళీలో కూరితే, అప్పటికి రెండు కొనలూ అతుక్కున్నాయి. మొదట నలిగి ఊరుకున్న ఆ నరం మాత్రం చీములో నాని నాని చచ్చిపోయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంకో మాట చెబితే మీకు కడుపు మండుతుంది. ఆయన ఆసుపత్రిలో ఉండగానే మేనేజరు పళ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడు. వెంకటసుబ్బయ్య ఏడ్చుకుంటూ మొత్తం చెప్పేశాడు. ఆ మనిషి నోరు తెరుచుకుని విన్నాడు. ‘దానికోసమా? మహా అయితే ఒక వార్నింగ్ ఇచ్చేవాణ్ణి’ అన్నాడు. పళ్ల సంచి మంచం మీద పెట్టి వెళ్లాడు. ఉద్యోగం ఎవరూ తియ్యలేదు. లైసెన్సుకి మెడికల్ పరీక్ష పాస్ కావాలి. మోచెయ్యి పూర్తిగా చాచలేడు, మణికట్టు లేవదు. స్టీరింగు అటుంచి గిన్నెలో గరిటె తిప్పలేడు. అట్లా పోయింది బస్సు.

ఇక మనవాళ్లు ఊరుకుంటారా? చూడటానికని లెస్టర్ నుంచి శేషమ్మ ఆంటీ వచ్చింది. టీ తాగి, బిస్కెట్లు తిని, పోతూ పోతూ గుమ్మంలో అంది: “మొగుడి నెత్తిన చెయ్యి పెట్టి వేసిన ఒట్టమ్మా అది. తప్పితే ఊరికే పోద్దా? ప్రాణానికి రావాల్సింది చేతితో పోయింది.” నేను లోపలి నుంచి వచ్చేసరికి కారెక్కేసింది, లేకపోతే ఆ రోజు ఆమె సంగతి చూసేదాన్ని.

ఆ మాట వరలక్ష్మి గుండెలో దిగబడిపోయింది. తను ఒట్టు తప్పడం వల్లే ఆయన చెయ్యి పోయిందని నమ్మింది. ఎంత చెప్పినా అంతే. “పెంట వల్ల పోయింది వదినా, ఒట్టు వల్ల కాదు. గడ్డిపరక నా కళ్లతో చూశా” అని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. తలకాయ ఊపుతుంది. శనివారాలు ఒంటిపొద్దు మొదలుపెట్టింది. గోంగూర మానేసింది. డబుల్ షిఫ్టులు చేసి ఇల్లు నడిపింది. పొద్దున పనికి పోయేముందు ఆయనకి చొక్కా బొత్తాలు పెట్టి, అన్నం కలిపి మూత పెట్టి పోయేది.

ఆయనా? ఆయన కిటికీ దగ్గర కూర్చుని బస్సులు చూసేవాడు. టైం తప్పిన బస్సుని తిట్టేవాడు. వరలక్ష్మి అట్లా నమ్ముతోందని ఆయనకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఒకసారి అడిగాను: “అన్నా, నీ తప్పు నువ్వు మొయ్యవయ్యా. ఆమె నెత్తిన ఎందుకు పెట్టావు?” కిటికీ వైపు తిరిగాడు. వేరే కండరాల తాళ్లు మార్చి కడితే మణికట్టు కొంత లేస్తుందని సర్జన్ చెప్పింది. ఇంక కత్తి వద్దన్నాడు. చేతిని ప్లాస్టిక్ పట్టీలో పెట్టుకుని తిరిగేవాడు. ఆ అలాట్‌మెంట్ ఇంకెవరికో పోయింది.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. 2016 ఆగస్టులో ఒక ఆదివారం నాకు మార్కెట్లో లేత గోంగూర దొరికింది. ఈ ఇంట్లో ఈ శోకం ఇంక చాలు అనుకున్నాను. పప్పులో వేసి వండి, గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సాత్విక స్నేహితులతో సినిమాకి పోయింది. మేం ముగ్గురమే. అన్నాలు వడ్డించాక మూత తీశాను. ఆ వాసనకి వెంకటసుబ్బయ్య కళ్లు మూసుకున్నాడు. వరలక్ష్మి ఆయనకి వడ్డించి, తన కంచం పక్కకి జరుపుకుంది.

“నాకొద్దు వదినా. మానేశా గదా.”

“ఎంతకాలం మానేస్తావ్?” ఆయన గొంతు లేచింది. “ఏం, నేను చచ్చానా? తద్దినం పెడతన్నావా నాకు?”

“ఒట్టు తప్పినదాన్ని. ఆ మాత్రం...”

“ఒట్టు, ఒట్టు, ఒట్టు!” ఎడమ చేత్తో బల్ల మీద కొట్టాడు, గ్లాసు పడింది. “తప్పినందుకు కాదే చెయ్యి పోయింది! తప్పకుండా కూర్చున్నందుకు పోయింది! నేనైతే భయంతో కళ్లు మూసుకుపోయినోణ్ణి. నీకేమైంది? నువ్వు నర్సువి గదా! జ్వరం వచ్చిన రోజే చెప్పుంటే ఈ చెయ్యి ఉండేది. నేను బస్సు మీద ఉండేవోణ్ణి!”

బల్ల మీది నీళ్లు నేల మీదికి కారుతున్నాయి.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. “సిగ్గుందా నీకు? నువ్వే కదా ఆమె చేత ఒట్టు వేయించింది! డాక్టర్లు ఎన్నిసార్లు అడిగినా మెట్లు, మెట్లు అని చెప్పింది ఎవరు? ఆ నోరు నీది కాదూ?” ఇంకా చాలా అన్నాను. ఇన్నేళ్లుగా కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

వరలక్ష్మి నన్ను ఆపింది. లేచి, ఆయన కుర్చీ ముందుకు వచ్చి, నేల మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఆయన ముందు తల వంచింది.

“నిజమే. నేను చెప్పాల్సింది. నువ్వు చచ్చిపోతావని భయపడ్డా. అంతకంటే నాకు వేరే తెలివి లేకపోయింది. ఇప్పుడు నువ్వు నాకు ఒట్టెయ్యి. నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు. ఈ జన్మలో ఇంకెప్పుడూ, నాకు గానీ పాపకి గానీ, ఇట్టాంటి ఒట్టు పెట్టనని.”

భోజనానికని ఆయన ముందే పట్టీ తీసి పక్కన పెట్టి ఉన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒట్టు వెయ్యాలంటే కుడిచెయ్యే కదా లేచేది. లేచింది. భుజం నుంచి వంకరగా లేచి ఆమె తల మీదికి వచ్చింది. మణికట్టు దగ్గర వేలాడిపోయింది. అరచెయ్యి ఆనలేదు. వేళ్ల వెనకభాగం ఆమె పాపిట మీద తగిలి జారిపోయింది.

ఇంకోసారి ఎత్తాడు. ఇంకోసారి జారింది.

అప్పుడు ఎడమ చేత్తో ఆ చచ్చిన చేతిని పట్టుకుని, ఒక్కొక్క వేలూ విప్పి, ఆమె నెత్తి మీద పరిచి, జారిపోకుండా పైన ఎడమ చెయ్యి అదిమిపెట్టాడు.

“నేనే పోగొట్టుకున్నా, వరం. నువ్వు కాదు. నేనే” అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. ఆయన చెయ్యి తియ్యలేదు. తీస్తే జారిపోతుందని ఇద్దరికీ తెలుసు.